డిజిటల్ గోప్యత, ప్రభుత్వ నిఘా, ముస్లిం జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

మసీదు కమిటీల సభ్యులు, కాలేజీ విద్యార్థులు, గల్ఫ్‌లో పనిచేసేవారి కుటుంబాలు తరచూ అడిగే ప్రశ్నలు ఇవి. సమాధానాల్లో ధర్మం, భారతదేశపు చట్టం రెండూ కలిసే వస్తాయి. ఇవి ఫత్వాలు కావు. సొంత ధార్మిక సందేహం ఉంటే నమ్మకమున్న ఆలింను (ధర్మ పండితుణ్ణి), కేసు ఉంటే న్యాయవాదిని సంప్రదించాలి.

ఫోన్లు, ఇంటర్నెట్ లేని కాలంలో వచ్చిన ఆదేశాలు నేటి డిజిటల్ గోప్యతకు ఎలా వర్తిస్తాయి?

ఖుర్‌ఆన్‌లోని అన్ నూర్ సూరా (అధ్యాయం) 27, 28 ఆయతుల (వాక్యాల) ప్రకారం ఇతరుల ఇంట్లోకి అడుగుపెట్టేముందు అనుమతి తీసుకుని సలాం చెప్పాలి. వెళ్లిపొమ్మంటే నొచ్చుకోకుండా వెనుదిరగాలి. అదే సూరా 58వ ఆయతు ఇంకో అడుగు ముందుకు వేసి, ఇంట్లో మసిలే పనివారు, చిన్నపిల్లలు కూడా ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం నడుం వాల్చే వేళ, ఇషా తర్వాత అడిగే లోపలికి రావాలంటుంది. అల్ హుజురాత్ సూరా 12వ ఆయతు అనుమానాలకు పోవద్దని, ఒకరి గుట్లు ఒకరు వెతకవద్దని, చాటున చెడుగా చెప్పుకోవద్దని ఒకే వరుసలో ఆదేశిస్తుంది. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి రావడం గమనించదగ్గది: అనుమానం ఆరాకు దారితీస్తుంది, ఆరాలో దొరికింది నలుగురి నోళ్లలో నానుతుంది.

డిజిటల్ ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది సహీహ్ బుఖారీ సంకలనంలోని ఒక హదీసు (ప్రవక్త మాట, నడత గురించిన ఉల్లేఖనం). ప్రవక్త ముహమ్మద్ (స) ఇనుప దువ్వెనతో తల దువ్వుకుంటుండగా ఒక వ్యక్తి తలుపు రంధ్రంలోంచి తొంగిచూశాడు. నువ్వు చూస్తున్నావని ముందే తెలిస్తే దీనితో నీ కంట్లో పొడిచేవాణ్ణని, అనుమతి అడగాలన్న నియమం పెట్టిందే చూపును అదుపు చేయడానికని ప్రవక్త (స) గట్టిగా మందలించారు. ఆ మనిషి గడప దాటలేదు, వస్తువేదీ ముట్టుకోలేదు, మాట కూడా మోయలేదు. చూశాడు, అంతే. ఫోన్లో మన కదలికలను కూడబెట్టే కంపెనీ అయినా, వీధి చివర కెమెరా పెట్టిన శాఖ అయినా తరచూ చెప్పే సమాధానం ‘మేము చూస్తున్నామంతే, మీకేం నష్టం’ అన్నదే. ఆ వాదన ఈ హదీసు ముందు నిలవదు. ఎందుకు చూడాలో చెప్పుకుని అనుమతి తెచ్చుకోవలసిన బాధ్యత చూడాలనుకునేవాడిదే. తనను ఎందుకు చూడకూడదో నిరూపించుకోవలసిన అవసరం ఇంట్లో ఉన్నవాడికి లేదు. కింది సమాధానాలన్నీ ఈ సూత్రం నుంచే వస్తాయి.

దీనికి తోడు అమానత్, అంటే నమ్మి అప్పగించినది, అనే భావన ఉంది. ఒక మనిషి మాట చెబుతూ అటూ ఇటూ చూసుకున్నాడంటే ఆ మాట విన్నవాడి దగ్గర అమానత్ అవుతుందని అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో హదీసు ఉంది. ‘ఎవరికీ చెప్పకు’ అని నోటితో అననక్కరలేదు. మనల్ని నమ్మి పంపిన సందేశపు స్క్రీన్‌షాట్‌ను ఇంకొకరికి చూపేముందు ఈ హదీసును గుర్తుచేసుకుంటే చాలు.

తప్పు చేయనివాడికి దాచుకోవడానికి ఏముంటుంది? గోప్యత కావాలనడమే అనుమానించదగ్గ విషయం కాదా?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్న సామెతను ఈ చర్చలో చాలామంది వాడతారు. ఇస్లాం ధర్మశాస్త్రం ఈ దారిలో ఆలోచించదు. తప్పు చేసినవాడికి సైతం గుట్టు ఉంటుందని, సాటి ముస్లిం లోపాన్ని కప్పినవాడి లోపాలను ప్రళయదినాన అల్లాహ్ కప్పుతాడని సహీహ్ ముస్లింలోని హదీసు చెబుతుంది.

పాలకులకు దీన్ని అన్వయించే ప్రసిద్ధ కథనం రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి)ది. ఆయన రాత్రిపూట మదీనాలో గస్తీ తిరుగుతూ ఒక ఇంట్లో తప్పు జరుగుతోందని అనుమానించి గోడ దూకి లోపలికి వెళ్లారట. ఇంటివాడు బెదరలేదు. నేను చేసింది ఒక తప్పు, మీరు చేసినవి మూడు అన్నాడు: కూపీ లాగవద్దన్నాడు అల్లాహ్, మీరు లాగారు; ఇళ్లకు వాకిళ్ల నుంచి రమ్మన్నాడు, మీరు గోడ దూకారు; అనుమతి అడిగి సలాం చెప్పమన్నాడు, అదీ చేయలేదు. ఖలీఫా ఆ మాటను ఒప్పుకుని అతణ్ణి వదిలేశారని చెబుతారు. ప్రజల తప్పులను తవ్విపోస్తే పాలకుడు వాళ్లను చెడగొట్టినవాడవుతాడన్న అర్థమిచ్చే హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. నిఘా మనుషులను మంచివాళ్లుగా మార్చదని, భయస్తులుగానో నటులుగానో మారుస్తుందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన మాట దొరకదు.

అయితే నేరాలను, ఉగ్రవాదాన్ని ఆపడానికి నిఘా అవసరం లేదా?

అవసరమే, హద్దులున్నంతవరకు. 11వ శతాబ్దపు న్యాయశాస్త్రవేత్త అల్ మావర్దీ బజారును, నడవడిని పర్యవేక్షించే ముహ్తసిబ్ అధికారాల గురించి రాస్తూ, బయటపడని తప్పుల కోసం ఇళ్లు వెతికే హక్కు ఆ అధికారికి లేదన్నాడు. ఒక మినహాయింపు మాత్రం ఇచ్చాడు: హత్యలాగా జరిగిపోయాక దిద్దుకోలేని ఘోరం జరగబోతోందని నమ్మదగిన వ్యక్తి సమాచారమిస్తే ఆరా తీయవచ్చు. అంటే ఒక నిర్దిష్టమైన ఘోరం, నమ్మదగిన సమాచారం, ఆలస్యమైతే కోలుకోలేని నష్టం ఉండాలి. ఒక పేటనో ఒక మతాన్నో మొత్తంగా అనుమానించడానికి ఇందులో చోటు లేదు.

అలా అనుమానించిన చోట ఏం జరిగిందో చరిత్రలో ఉంది. న్యూయార్క్ పోలీసులు 2001 దాడుల తర్వాత ముస్లింల మసీదులు, హోటళ్లు, విద్యార్థి సంఘాల మీద ఏళ్ల తరబడి రహస్యంగా వివరాలు కూడబెట్టారు. 2011లో వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ దాన్ని బయటపెట్టింది. ఆ పని చేసిన పోలీసు విభాగం సేకరించిన సంభాషణల నుంచి ఆరేళ్లలో ఒక్క ఉగ్రవాద దర్యాప్తుకు కూడా ఆధారం దొరకలేదని పోలీసు ఉన్నతాధికారి ప్రమాణం చేసి ఒప్పుకున్నారు. 2014లో దాన్ని ఎత్తేశారు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో 2010లో ముస్లింలు ఎక్కువగా ఉండే స్పార్క్‌బ్రూక్, వాష్‌వుడ్ హీత్ ప్రాంతాల చుట్టూ రెండు వందలకు పైగా కెమెరాలు పెట్టారు, వాటిలో కొన్ని ఎవరికీ కనిపించనివి. సాధారణ నేరాల కోసమని స్థానికులకు చెప్పారు గాని, డబ్బు ఉగ్రవాద నిరోధక నిధి నుంచి వచ్చిందని బయటపడేసరికి ఆ జనంలో పోలీసుల మాటకు విలువ లేకుండా పోయింది. కెమెరాలకు సంచులు తొడిగి, చివరికి ఊడదీయవలసి వచ్చింది. సమాచారమివ్వడానికి ముందుకు రావలసిన పొరుగువాణ్ణే దూరం చేసుకుంటే భద్రత పెరగదు.

భారతదేశంలో గోప్యత హక్కేనా?

అవును. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. ప్రభుత్వం ఆ హక్కులో జోక్యం చేసుకోవాలంటే దానికొక చట్టం ఉండాలి, న్యాయమైన ఉద్దేశం ఉండాలి, తీసుకునే చర్య ఆ ఉద్దేశానికి మించకూడదు. మావర్దీ పెట్టిన హద్దులకూ వీటికీ ఉన్న దగ్గరితనం గురించి ఒక మాట: ముస్లింలు కోర్టులో గోప్యత అడిగితే తమ మతానికి ప్రత్యేక మినహాయింపు అడుగుతున్నట్టు కాదు, అందరికీ ఉన్న హక్కునే అడుగుతున్నారు. తమ ధర్మం వల్ల ఆ హక్కు వాళ్లకు పరాయిదిగా అనిపించదు, అంతే.

2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల మీద ఉండే ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027లో అమలులోకి వస్తాయి. సమ్మతి తీసుకోవడం, పని అయిపోయాక డేటా చెరిపివేయడం, లీకైతే తెలియజేయడం వంటి బాధ్యతలు ఇందులో ఉన్నాయి. భద్రత విషయంలో నిర్లక్ష్యానికి జరిమానా రూ. 250 కోట్ల దాకా వెళ్తుంది.

ఈ చట్టంలో రెండు లోపాలు ముస్లింలకు సూటిగా తగులుతాయి. మొదటిది, 2018, 2019 ముసాయిదాల్లో మతవిశ్వాసాన్ని సున్నితమైన డేటాగా గుర్తించి అదనపు రక్షణ ఇచ్చారు. యూరప్ చట్టంలోనూ ఆ రక్షణ ఉంది. 2023 చట్టంలో ఆ విభజననే తీసేశారు. దాంతో మీరు ఏ మసీదుకు వెళ్తారన్న వివరానికీ మీరు ఏ సైజు చెప్పులు కొంటారన్న వివరానికీ చట్టం దృష్టిలో తేడా లేకుండా పోయింది. రెండోది, సార్వభౌమత్వం, దేశభద్రత, శాంతిభద్రతల పేరిట కేంద్రం తాను ఎంచుకున్న ప్రభుత్వ సంస్థలను ఈ చట్టం నుంచి పూర్తిగా తప్పించవచ్చు. కంపెనీలకు తాళం వేసి ప్రభుత్వానికి తలుపు తెరిచి ఉంచిన చట్టమని విమర్శకులు అన్నారు. అది అతిశయోక్తి కాదని ఈ రచయిత అభిప్రాయం.

నేను ముస్లింనని ఒక యాప్‌కు ఎలా తెలుస్తుంది? తెలిస్తే ఏమవుతుంది?

నమాజు వేళలు, ఖిబ్లా (కాబా ఉన్న) దిక్కు చూపే యాప్ ఫోన్లో ఉండడమే సమాధానం. ఆ రెండు పనులకూ మీరున్న చోటు తెలియాలి కాబట్టి అనుమతి అడుగుతుంది, మీరు ఇస్తారు. 2020 నవంబరులో అమెరికా పత్రిక మదర్‌బోర్డ్ ఒక విషయం బయటపెట్టింది. తొమ్మిది కోట్లకు పైగా డౌన్‌లోడ్లున్న ముస్లిం ప్రో యాప్ నుంచి వాడకందార్ల లొకేషన్ వివరాలు ఎక్స్‌మోడ్ అనే డేటా వ్యాపార సంస్థకు, అక్కడి నుంచి అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకు చేరుతున్నాయని ఆ కథనం సారాంశం. యాప్ యజమానులు వెంటనే ఆ సంస్థతో తెగతెంపులు చేసుకున్నారు. ఆ వ్యాపార సంస్థ ఆస్పత్రులు, ప్రార్థనా స్థలాలు వంటి సున్నితమైన చోట్లకు సంబంధించిన లొకేషన్ డేటా అమ్మకూడదని అమెరికా వాణిజ్య కమిషన్ 2024 జనవరిలో ఆదేశించింది.

ఇందులో గుర్తించవలసింది, దొంగచాటుగా చొరబడినవారెవరూ లేరు. మనమే ‘అనుమతించు’ నొక్కాం. కానీ ఖిబ్లా చూడటానికి ఇచ్చిన అనుమతి అమ్ముకోవడానికి ఇచ్చినట్టు కాదు. అమానత్‌ను హక్కుదారుకే అప్పగించాలన్న అన్ నిసా సూరా 58వ ఆయతు ప్రకారం చూసినా, ఒక పని కోసం ఇచ్చిన దాన్ని ఇంకో పనికి వాడడం ఖియానత్, అంటే నమ్మకద్రోహం.

మరి నమాజు యాప్‌లు మానేయాలా?

అక్కరలేదు. లొకేషన్‌కు ‘ఎప్పుడూ’ బదులు ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెట్టుకోండి, కచ్చితమైన లొకేషన్ ఆపేయండి. నమాజు వేళలకు ఊరి పేరు చాలు, ఇంటి నంబరు అక్కరలేదు. ఊరి పేరును చేత్తో ఎంచుకునే వీలున్న యాప్ అయితే ఇంకా మంచిది. కాంటాక్టులు, మైకు అడిగే ఖుర్‌ఆన్ యాప్‌ను తీసేయండి. మసీదు గోడ మీద వేలాడే నమాజు వేళల పట్టిక ఫొటో ఫోన్లో ఉంటే చాలామందికి పని గడిచిపోతుంది.

హైదరాబాదులో ముఖాన్ని గుర్తించే కెమెరాల గురించి గొడవ దేనికి?

తెలంగాణ పోలీసులు 2018లో తమ సిబ్బంది వాడే టీఎస్‌కాప్ యాప్ తెచ్చి, అదే ఏడాది అందులో ముఖాన్ని గుర్తించే సౌకర్యం చేర్చారు. కెమెరాల దృశ్యాలన్నీ చూసే కమాండ్ కంట్రోల్ సెంటర్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైంది. పాతబస్తీ పరిసరాల్లోని కాలాపత్థర్, కిషన్‌బాగ్‌లలో సగానికి పైగా ప్రాంతం కెమెరాల చూపులో ఉందని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2021లో అంచనా వేసింది.

అదే ఏడాది మే నెలలో, కోవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు దారిలో ఆపి, మాస్కు తీయమని, ఆయన వద్దన్నా ఫొటో తీశారు. ఆ ఫొటో ఎక్కడికి పోయింది, ఏ చట్టం కింద తీశారు, ఎన్నాళ్లు ఉంచుతారు అని ఆయన అడిగారు. ముఖ గుర్తింపును సవాలు చేస్తూ ఆయన వేసిన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఆయన అడిగిన ప్రశ్నల్లో మతం ప్రసక్తే లేదు. వాటికి జవాబు దొరికితే లాభం దిల్‌సుఖ్‌నగర్ వాసికీ, వరంగల్ విద్యార్థికీ సమానంగా ఉంటుంది. అయినా ఆ ప్రశ్న పాతబస్తీ నుంచి లేవడం యాదృచ్ఛికం కాదు. అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకుపోయే ఆపరేషన్ చబుత్రా, బస్తీని నాలుగు వైపులా మూసి ఇల్లిల్లూ తిరిగే కార్డన్ సెర్చ్ చూసినవాళ్లకు, కెమెరా ముందు ఎవరు ఎక్కువసార్లు నిలబడవలసి వస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ముఖ గుర్తింపు పొరబడుతుందన్నది మరో చిక్కు. ఒక ముఖం ఫలానావాడిదేనని యంత్రం తేల్చి చెప్పదు, ఎంతవరకు పోలి ఉందో ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెను సాక్ష్యంగా తీసుకుంటే నిర్దోషి స్టేషన్ మెట్లెక్కుతాడు.

పోలీసులు దారిలో ఆపి ఫోన్ తెరిచి చూపమంటే ఏం చేయాలి?

2021 అక్టోబరులో హైదరాబాదులో పోలీసులు యువకుల బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని చాట్లలో గంజాయికి సంబంధించిన మాటల కోసం వెతుకుతున్న వీడియోలు దేశమంతా చూసింది. ఊరికే దారిన పోయేవాడి ఫోన్ తెరవడానికి చట్టంలో సాధారణ అధికారమేదీ లేదు. కేసు దర్యాప్తులో స్వాధీనం చేసుకోవడం వేరు. గొంతు పెంచకుండా, ఏ కేసు, ఏ సెక్షన్, మీ పేరేమిటి అని అడగండి. స్వాధీనం చేసుకుంటే పంచనామా, రశీదు అడగండి. 2024 జూలై నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదాను, స్వాధీనాన్ని ఆడియో, వీడియో తీయాలి. నిందితుణ్ణి పాస్‌వర్డు చెప్పమని బలవంతం చేయవచ్చా అన్నదానిపై హైకోర్టుల మాట ఒకటిగా లేదు కాబట్టి, ఆ దశలో న్యాయవాది లేకుండా నిర్ణయం తీసుకోవద్దు. అక్కడ చేయి విదిలించడం, పరుగెత్తడం మాత్రం ఎంతమాత్రం వద్దు.

ఫోన్ ట్యాపింగ్ సంగతి?

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు దీనికి కట్టుబాట్లు పెట్టింది. హోం కార్యదర్శి స్థాయి అధికారి రాతపూర్వక ఆదేశం ఉండాలి, దానికి గడువుండాలి, సమీక్షా సంఘం చూడాలి. ముందుగా న్యాయమూర్తి అనుమతి మాత్రం అక్కరలేదు. చూసేవాడూ, అనుమతించేవాడూ ఒకే ప్రభుత్వంలో ఉంటే ఏమవుతుందన్న దానికి తెలంగాణలో 2024 మార్చిలో నమోదైన కేసు ఉదాహరణ: నిఘా విభాగం అధికారులే రాజకీయ నాయకుల, వ్యాపారుల, పాత్రికేయుల ఫోన్లు అక్రమంగా విన్నారన్నది అందులోని ఆరోపణ. ఫోన్లలోకి రహస్యంగా చొరబడే పెగాసస్ స్పైవేర్ విషయంలో తెలుగువాడైన అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం 2021 అక్టోబరులో నిపుణుల సంఘాన్ని వేస్తూ, దేశభద్రత అన్నంత మాత్రాన కోర్టు చూస్తూ కూర్చోదని స్పష్టం చేసింది.

ముస్లిం దేశాల్లో పరిస్థితి మెరుగ్గా ఉందా?

ఇస్లాం పేరు చెప్పే ప్రభుత్వాలన్నీ గోప్యత పాటిస్తాయనుకోవడం పొరపాటు. హిజాబ్ వేసుకోని స్త్రీలను కెమెరాలతో గుర్తించి హెచ్చరికలు పంపుతామని ఇరాన్ పోలీసులు 2023 ఏప్రిల్‌లో ప్రకటించారు. ధర్మాన్ని కాపాడతామంటూ ఖుర్‌ఆన్ వద్దన్న పనినే చేపట్టడం ఇది. మన దగ్గర నిఘాను ఖండించి అక్కడిదాన్ని మెచ్చుకునేవారి వాదనలో నిజాయితీ ఉండదు. సౌదీ అరేబియాలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది, ఎమిరేట్స్‌లోనూ 2021 నుంచి చట్టం ఉంది. అయితే అక్కడ ప్రభుత్వాన్ని ప్రశ్నించే వీలు ఎంతన్నది వేరే మాట.

కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్లినవాళ్లు, ఏ మతంవారైనా, ఒకటి గుర్తుంచుకోవాలి: ఎమిరేట్స్‌లో ఒకరి ఫొటోను వారి అనుమతి లేకుండా తీయడం, పంచడం నేరం, వదంతిని ఫార్వర్డ్ చేసినా నేరమే. క్యాంపులో తోటి కార్మికుడు గొడవపడుతుంటే వీడియో తీసి ఊరి గ్రూపులో పెట్టిన సరదా జైలుదాకా తీసుకుపోగలదు.

ఆధార్, హజ్ యాప్, వక్ఫ్ పోర్టల్: ప్రభుత్వం అడిగిన వివరాలు ఇవ్వకూడదా?

గోప్యత అంటే లెక్క చెప్పకపోవడం కాదు. హజ్‌కు వెళ్లేవారి పాస్‌పోర్టు, ఆరోగ్య వివరాలు లేకపోతే మక్కా దగ్గరి మినాలో తప్పిపోయిన పెద్దాయనను వెతికేదెలా? 2024లో వచ్చిన హజ్ సువిధా యాప్ అందుకు పనికొచ్చేదే. ఆ వివరాలు ట్రావెల్స్ ఏజెంటు వాట్సాప్‌లో ఏళ్ల తరబడి పడి ఉండడమే అసలు బెడద. పని అయ్యాక చెరిపేయమని అడగండి.

వక్ఫ్ ఆస్తుల, అంటే ధర్మకార్యాలకు శాశ్వతంగా అంకితం చేసిన ఆస్తుల, మాట వేరు. 2025లో సవరించిన చట్టం కింద ఉమీద్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి చేయడం, ఇచ్చిన ఆరు నెలల గడువు, పాత దస్తావేజులు లేని మసీదుల గతి మీద తీవ్రమైన అభ్యంతరాలున్నాయి, అవి న్యాయమైనవే. కానీ వక్ఫ్ ఆస్తి, దాని ఆదాయం ఒక ముతవల్లీ (నిర్వాహకుడి) సొంత గుట్టు కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని చెప్పే అల్ బఖరా సూరా 282వ ఆయతు ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైనది. ఇల్లు గోప్యం, ఖజానా బహిరంగం. ఈ రెండూ తారుమారైన చోట్లు మనలో తక్కువేమీ లేవు.

ఆధార్ విషయంలో పన్నెండు అంకెలూ కనిపించే జిరాక్సు బదులు చివరి నాలుగు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. ఫొటో దిగేటప్పుడు ముఖం పూర్తిగా కనబడితే తల మీద వస్త్రం ఉండవచ్చు, తీసేయమని ఆపరేటర్ అంటే ఆ నియమం చూపండి.

రంజాన్ రేషన్ కిట్లు పంచేటప్పుడు ఫొటోలు తీయవచ్చా? దాతలు లెక్క అడుగుతున్నారు.

ఈ ప్రశ్నకు ప్రభుత్వాన్ని నిందించి తప్పించుకోలేం. వెనక ఫ్లెక్సీ, దాని మీద దాతల ముఖాలు, ముందు బల్ల మీద బియ్యం, నూనె, ఖర్జూరం ఉన్న సంచీ, ఆ సంచీకి అటు పక్క నలుగురు పెద్దమనుషుల చేతులు, ఇటు పక్క తల పక్కకు తిప్పుకున్న ఒక స్త్రీ. ప్రతి రంజాన్‌లో ఈ ఫొటో వందల గ్రూపుల్లో తిరుగుతుంది. ఆమె ఎందుకు తల తిప్పుకుందో తీసినవాడికి తెలుసు. దానం చాటుగా పేదలకిస్తే అది మీకు మరింత మేలు అని అల్ బఖరా 271వ ఆయతు, దెప్పిపొడిచి, నొప్పించి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని 264వ ఆయతు చెబుతాయి. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియనంత గుట్టుగా దానమిచ్చినవాడు ప్రళయదినాన అర్ష్ (అల్లాహ్ సింహాసనం) నీడ పొందేవారిలో ఒకడన్న హదీసు మన జుమా ప్రసంగాల్లో తరచూ వినేదే.

లెక్క చూపడానికి తీసుకున్నవారి ముఖం అక్కరలేదు. కొన్న సరుకు బిల్లు, సంచుల గుట్ట ఫొటో, కమిటీ దగ్గర సంతకాల పుస్తకం చాలు. కిట్టు కోసం ఆధార్ జిరాక్సులు తీసుకునే అలవాటు కూడా మానాలి. మసీదు ఆఫీసు అలమారాలో తాళం లేకుండా పడి ఉన్న ఆ కాగితాల మీద వితంతువుల పేర్లు, ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. సిమ్ మోసగాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? రేషన్ కార్డు చూసి, పేరు రాసుకుని, కార్డు తిరిగి ఇచ్చేస్తే ఒకరే వరసలో రెండుసార్లు రాకుండా చూసుకోవచ్చు.

పెళ్లి సంబంధాల గ్రూపుల్లో అమ్మాయి ఫొటో, బయోడేటా పెట్టడం తప్పా?

అమ్మాయి ఒప్పుకుని, రిష్తా చూసే పెద్దలకు మాత్రమే పంపితే తప్పు కాదు. వందలమంది ఉన్న గ్రూపులో పెట్టాక అది ఎవరి ఫోన్లో ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. 2021 జూలైలో, మళ్లీ 2022 జనవరి 1న, ముస్లిం స్త్రీల ఫొటోలను సోషల్ మీడియా నుంచి ఎత్తుకొచ్చి గిట్‌హబ్‌లో ‘వేలం’ పేరుతో పెట్టిన రెండు యాప్‌లు దేశాన్ని సిగ్గుపరిచాయి, తర్వాత అరెస్టులు జరిగాయి. అప్పుడు కొన్ని ఇళ్లల్లో ‘ఫొటోలు పెట్టినందుకే ఇదంతా’ అని ఆడపిల్లల ఫోన్లే లాక్కున్నారు. ఇది తలకిందుల న్యాయం. పైన చెప్పిన హదీసులో ప్రవక్త (స) మందలించింది తొంగిచూసినవాణ్ణి.

భార్య ఫోన్, పిల్లల ఫోన్ చూడవచ్చా?

చిన్నపిల్లల విషయంలో తల్లిదండ్రులకు బాధ్యత ఉంది. పద్దెనిమిదేళ్లలోపు వారి డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 చట్టమూ అంటోంది. అయితే ‘నీ ఫోన్ మేము చూస్తాం’ అని వాళ్లకు చెప్పి చూడడం ఒకటి, దొంగ యాప్ పెట్టి చాట్లు చదవడం ఒకటి. రెండోది మొదలైన ఇంట్లో పిల్లవాడు ఇంకో ఫోన్ సంపాదించుకుంటాడు. భార్యాభర్తల మధ్య ఏ ఆధారమూ లేని అనుమానంతో ఫోన్ తవ్వడం అల్ హుజురాత్ ఆయతు సూటిగా వద్దన్న పనే. భర్తకు ఇందులో భార్యకు లేని హక్కేదీ లేదు.

వదంతుల కట్టడికి ప్రభుత్వం పోస్టులు తీయించడం, ఇంటర్నెట్ ఆపడం సరైనదేనా?

నమ్మదగనివాడు వార్త తెస్తే నిజానిజాలు చూసుకోమన్న అల్ హుజురాత్ 6వ ఆయతు ముందు మన ఫార్వర్డ్ బటన్‌కు వర్తిస్తుంది. ప్రభుత్వం విషయానికొస్తే, అభ్యంతరకరమైన పోస్టుకు జైలు అన్న ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. ఇంటర్నెట్‌ను గడువు లేకుండా ఆపడం చెల్లదని, ఆదేశాలు ప్రచురించాలని కాశ్మీర్ కేసులో 2020 జనవరిలో చెప్పింది. విద్వేష ప్రచారం మీద చర్య కోరుతూనే ఈ హద్దులను నిలబెట్టుకోవడం ముస్లింల ప్రయోజనమే, ఎందుకంటే విస్తారమైన అధికారం ముందుగా బలహీనుడి మీదే పనిచేస్తుంది.

లోన్ యాప్ వాళ్లు కాంటాక్టులందరికీ ఫొటోలు పంపుతామని బెదిరిస్తున్నారు. ఏం చేయాలి?

వడ్డీ హరామ్ అన్న చర్చ తర్వాత చేసుకోవచ్చు. అప్పుల్లో ఉన్నవాణ్ణి ఆ మాటతో ఇంకా కుంగదీయవద్దు. రుణ యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫొటోలు తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే ఆదేశించింది. బెదిరింపు సందేశాల స్క్రీన్‌షాట్లు దాచండి, ఇంకా డబ్బు కట్టవద్దు, కాంటాక్టుల్లో ఉన్న దగ్గరివారికి మీరే ముందుగా విషయం చెప్పేయండి. బెదిరించేవాడి బలం సగం అక్కడే పోతుంది.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

సైబర్ మోసానికి 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. డబ్బు పోయిన మొదటి గంటల్లో చేస్తే ఖాతాను స్తంభింపజేసే అవకాశం ఎక్కువ. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో, దగ్గరి స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. స్త్రీల ఫొటోల దుర్వినియోగంపై పోర్టల్‌లో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది, తెలంగాణలో షీ టీమ్స్ కూడా తీసుకుంటాయి. డేటా దుర్వినియోగమైతే ముందుగా ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాసి తేదీ ఉన్న ప్రతి దాచుకోండి. కొత్త చట్టం పూర్తిగా అమలయ్యాక డేటా రక్షణ బోర్డుకు వెళ్లాలన్నా ముందు ఆ మెట్టు ఎక్కి ఉండాలి.